ఆ రోజు పట్టుకోవాల్సింది మా నాయనే

ప్రొద్దుటూరు నుంచి ఒక అమ్మ రాసిన ఉత్తరం ఇది. ఏడు పేజీలు ఉంది. పేరు, వీధి, పాప చదివే బడి లాంటి వివరాలు తీసేసి అసలు సంగతి మాత్రం ఇక్కడ చెబుతున్నాను.

ఆమెకు 38 ఏళ్ళు. ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతారు. భర్త నగల అంగట్లో గుమాస్తా. ఒక్కతే పాప, 11 ఏళ్ళు, ఆరో తరగతి. ఈమె పుట్టింటివాళ్ళది సర్కస్. వాళ్ళ జేజబ్బ, అంటే నాయనకు నాయన, కరువు రోజుల్లో కదిరి దగ్గరి పల్లె నుంచి ఒక మలయాళీ సర్కస్ వెంట వెళ్ళిపోయారట. మొదట గుర్రాలకు గడ్డి వేశారు, తర్వాత ఊయల నేర్చుకున్నారు. ఈమె నాయన డేరాలోనే పుట్టారు. వయసులో ఉన్నప్పుడు ఊయల మీంచి ఎగిరేవారు. ఒళ్ళు బరువెక్కాక అవతలి ఊయలకు మోకాళ్ళు మెలివేసి తలకిందులుగా వేలాడుతూ, ఎగిరొచ్చేవాళ్ళను పట్టుకునే పని చేశారు. ఈమె ఏడేళ్ళకు రింగులోకి దిగారు. పదిహేడేళ్ళప్పుడు చెయ్యి తప్పి వల అంచు మీద పడ్డారు. వల ఎగరేస్తే బయట నేల మీద పడి ఎడమ భుజం విరిగింది. ఇప్పటికీ ఆ చెయ్యి చెవి దాకా లేవదు. దండెం మీద బట్టలు ఆరేయాలంటే స్టూలు ఎక్కుతారు.

పెళ్ళప్పుడు అత్తగారి వాళ్ళకు 'ఊరూరా తిరిగి బట్టల వ్యాపారం చేసేవాళ్ళం' అని చెప్పారు. భర్తకు నిజం తెలుసు. పాపకు అబ్బ, అంటే తాత, సర్కస్‌లో ఉండేవాడని తెలుసు గాని, అమ్మ కూడా ఆడిందని తెలీదు. భుజం ఏమైందని అడిగితే బాత్రూంలో జారిపడ్డానని చెప్పారట.

రెండేళ్ళ కిందట వాళ్ళ అమ్మ చనిపోయాక నాయన ఈమె ఇంటికి వచ్చేశారు. ఆయనకు 71. ఒకరోజు మధ్యాహ్నం ఎండబెట్టిన మిరపకాయలు ఎత్తుదామని ఈమె మిద్దె ఎక్కేసరికి పాప చేతుల మీద నిలబడి ఉంది. పక్కన చాప మీద కూర్చుని తాత మలయాళంలో అంకెలు లెక్కపెడుతున్నారు. తనకు నేర్పినప్పుడు కూడా అట్లాగే లెక్కపెట్టేవారట. ఇప్పుడు పెరట్లో వేపకొమ్మకు ఏడడుగుల ఎత్తులో ఊయల కర్ర వేలాడుతోంది. దాని కింద రెండు పాత బొంతలు.

తమ్ముడికి ఎగ్జిబిషన్లలో చిన్న సర్కస్ ఉంది. మొత్తం పద్నాలుగు మంది. ఉత్తరం చివర్లో ఆమె మాటలు ఇవి:

"అక్కా, తమ్ముడు దసరా సెలవుల్లో పది రోజులు పాపను పంపమంటాడు. 15,000 ఇస్తానంటాడు. వద్దంటే నాయన ముద్ద వదిలేసి లేచినాడు. 'ఈ విద్య నాతోనే కాటికి పోవాల్నా?' అన్నాడు. వారమైంది, నాతో మాట మాట్లాడలేదు. బళ్ళో పెద్ద మేడమ్‌కు ఎట్లా తెలిసిందో, పాపను ఆడిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తానని చెప్పింది. మా ఆయన 'మీ పుట్టింటి సంగతి, మీరే తేల్చుకోండి' అంటాడు. పాపేమో 'ఊయల మీద ఉంటే లెక్కల పరీక్ష టెన్షన్ కూడా గుర్తు రాదమ్మా' అంటాది. దాన్ని చూస్తే గర్వంగా ఉంటాది, కడుపులో వణుకూ పుడతాది. నేనేం చెయ్యాల?"

ఆరో పేజీ అంచున, జాగా లేక నిలువుగా, ఇంకో రెండు వాక్యాలున్నాయి: "ఆ రోజు నన్ను పట్టుకోవాల్సింది మా నాయనే. ఆ తర్వాత ఆయన మళ్ళీ పైకి ఎక్కలేదు."

అమ్మా,

మీ ఉత్తరం చదువుతూ ఆ అంచు మాటల దగ్గర ఆగిపోయాను. మిగతా పేజీల్లోని గొడవకు వేరు అక్కడుందేమో అనిపించింది. దాని గురించి తర్వాత మాట్లాడతాను. దసరా ముంచుకొస్తోంది కాబట్టి ముందు ఆ పది రోజుల సంగతి చూద్దాం.

పాపను తమ్ముడి ఆటలోకి పంపడం గురించి మీకు రెండు దారులు చూపించలేను. 14 ఏళ్ళలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదని బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. 'బయటివాళ్ళ దగ్గరికి కాదు గదా, సొంత మేనమామ దగ్గరికే గదా' అని మీ తమ్ముడు అనవచ్చు. ఆ మాటలో కొంత నిజం ఉంది. బడి అయ్యాక, సెలవుల్లో కుటుంబం పనిలో పిల్లలు సాయపడడాన్ని చట్టం ఒప్పుకుంది. అయితే ప్రమాదం లేని పనులకే. డేరా కప్పుకు కట్టిన ఊయల ప్రమాదం లేని పని అని ఎవరు ఒప్పుకుంటారు? సినిమాల్లో, సీరియళ్ళలో, ప్రకటనల్లో పిల్లలు నటించడానికి షరతులతో సందు ఇచ్చిన చోట కూడా 'సర్కస్ తప్ప' అని విడిగా రాశారు. అంతకుముందే, 2011 ఏప్రిల్‌లో, సర్కస్‌లలో పిల్లల్ని పెట్టుకోవడాన్ని నిషేధిస్తూ ప్రకటన ఇవ్వమని సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. చట్టం తప్పితే పనిలో పెట్టుకున్నవాళ్ళకు ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు, లేదా 20,000 నుంచి 50,000 దాకా జరిమానా, లేకపోతే రెండూ పడవచ్చు. అంటే ఆ పది రోజుల్లో ముందు ఇరుక్కునేది మీ తమ్ముడే.

పెద్ద మేడమ్ మీద కోపం పెట్టుకోకండి. ఆమె మీకు చెప్పకుండా నేరుగా 1098కి ఫోన్ చేయవచ్చు. ముందుగా మీతో అన్నారంటే మీకు దిద్దుకునే టైమ్ ఇచ్చారన్నమాట. మీరే వెళ్ళి, 'పాప ఆటకు పోదు, ఇంట్లో తాత దగ్గర కసరత్తు నేర్చుకుంటోంది' అని చెప్పండి. నేర్చుకోవడం నేరం కాదు. ఆమెకు అనుమానం తీరితే రేపు పాపకు ఏదైనా దారి వెతకాల్సి వచ్చినప్పుడు సంతకం పెట్టేదీ, సాయం చేసేదీ ఆమే.

తమ్ముడి గురించి మీరు రాసిన మాటల్లో కోపం ఎక్కువ కనిపించింది. అతను దుర్మార్గుడని నాకు అనిపించలేదు. పులి, సింహం, చిరుత, ఎలుగుబంటి, కోతి ఆడకూడదని 1998లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. సర్కస్ వాళ్ళు కోర్టుకు పోయారు, 2001లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును ఖాయం చేసింది. ఆ మూగజీవాలు పడ్డ బాధకు అది న్యాయమే. పిల్లలు బయటపడడమూ న్యాయమే. రెండూ పోయాక డేరాలో మిగిలింది పెద్దవాళ్ళ ఒళ్ళు. పెద్దవాళ్ళకేమో రోజుకింత అని గ్యారంటీగా ఇచ్చే పనులు బయట దొరుకుతున్నాయి. పద్నాలుగు మంది కడుపులు చూసుకుంటూ, 'మా అక్క కూతురు పుట్టుకతోనే ఆర్టిస్టు' అని అతను ఆశపడ్డాడు. అందుకని 'నా బిడ్డను చంపుకుంటావా' అని మొదలుపెట్టకండి. 'నువ్వు జైలుకు పోతే ఆ పద్నాలుగు మందికి ఎవరు దిక్కురా?' అని అడగండి. చట్టం ప్రకారం వయసొచ్చాక పాప తనంతట తాను వస్తానంటే అప్పుడు మాట్లాడుకుందాం అనండి. ఆ 15,000 మీకు నిజంగా అవసరమైతే డేరా బట్టలు, తెరలు, ఆర్టిస్టుల డ్రెస్సులు కుట్టే పని అడిగి తీసుకోండి. చమ్కీలు కుట్టడం మీకు కొత్త కాదు గదా.

ఇక అసలు చిక్కు. ఆటకు వద్దు సరే, నేర్చుకోవడం మాటేమిటి?

పూర్తిగా మాన్పించడం ఒక దారి. కొమ్మకున్న ఊయల కోసేసి, నాయనకు దండం పెట్టి, పాపను ట్యూషన్‌కు పంపడం. మీ వణుకు చూస్తే మీ మనసు ఇటే మొగ్గుతున్నట్టుంది. మీరు అదే చేస్తే తప్పుపట్టను. కానీ ఒకసారి పాప వైపు నుంచి చూడండి. మీకు తెలియకుండా ఆ పిల్ల మిద్దె మీద ఎన్నాళ్ళ నుంచి నేర్చుకుంటోందో మీరే రాయలేకపోయారు. ఇంట్లో వద్దంటే ఇంకెక్కడో చేతుల మీద నిలబడుతుంది, అక్కడ తాత కూడా పక్కన ఉండడు. ఎందుకు వద్దో చెప్పకుండా ఆపితే, అది మనకు సిగ్గుచేటైన పని అని ఆ పిల్లకు అర్థమవుతుంది. అప్పుడు అబ్బను చూసే చూపే మారిపోతుంది.

మీ నాయన విద్య అనేది ఏమిటి? నేను కర్నూల్లో పెరిగాను. మా ఇంటికి దగ్గరి మైదానంలో సర్కస్ పడితే, పొద్దున్నే ఆ ఆడపిల్లలు బిందెలతో మా వీధి బోరింగు దగ్గరికి వచ్చేవాళ్ళు. రాత్రి తళతళ మెరిసిన పిల్లలే, పొద్దునకు మామూలు పాత గౌన్లలో. ఒకసారి నా ఈడు పిల్ల ఒకతి బోరింగు కొడుతుంటే అరచేతులు చూశాను. వేళ్ళ మొదట్లో వరసగా కాయలు. ఒక కాయ ఊడి, లోపలి చర్మం దానిమ్మ గింజలా ఎర్రగా ఉంది. మా అమ్మ అయ్యో అంటూ కొబ్బరినూనె సీసా తెచ్చింది. ఆ పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుని, వచ్చీరాని తెలుగులో 'నూనె వద్దు. రాత్రి ఆట ఉంది, జారుతుంది' అంది. ఆ రాత్రి డేరాలో ఆ పిల్ల ఎగురుతుంటే జనం చప్పట్లు కొడుతున్నారు, నేను మాత్రం ఆ చేతులనే చూస్తూ కూర్చున్నాను.

చెప్పొచ్చేదేమంటే, మేము టికెట్ కొని చూసింది ఎగరడం. ఆ పిల్లకు తెలిసింది అరచేతికి ఏది రాయాలో ఏది రాయకూడదో. మీ నాయన దగ్గరున్నదీ అట్లాంటిదే అయి ఉంటుంది. పొద్దున లేస్తూనే తాడును ఆ చివరి నుంచి ఈ చివరి దాకా వేళ్ళతో తడిమి ఎక్కడ పోగు లేచిందో కనిపెట్టడం. వల బిగువు చూడడం. పడేటప్పుడు కాళ్ళ మీద కాకుండా, గడ్డం ఎదకు ఆనించి వీపు మీద పడడం. ఎగిరొచ్చేవాళ్ళు పట్టుకోబోకుండా చేతులు చాచి ఉంచితే, అవతలివాడు మణికట్టు దగ్గర దొరకబుచ్చుకోవడం. కోపంగా ఉన్న రోజు పైకి ఎక్కకపోవడం. ఇవన్నీ నేర్పడానికి ఎత్తు అక్కర్లేదు. చాలావరకు నేల మీద నేర్పవచ్చు.

కాబట్టి రెండో దారి, మీ నాయన చేతే, నేల మీద నేర్పించడం. దొర్లడం, పడడం, చేతుల మీద నిలబడడం, తాళ్ళు, ముళ్ళు. తాడు మీద నడకైతే మోకాలి ఎత్తున. వేపకొమ్మ ఊయలను మాత్రం ఈ రోజే విప్పించండి. ఏడడుగుల కింద బొంతలు పరిస్తే అది వల కాదు, ఆ సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. పదకొండేళ్ళ పిల్ల ఎముకల చివర్లో ఇంకా ఎదుగుతున్న మెత్తటి భాగం ఉంటుంది. అక్కడ దెబ్బ తగిలితే ఆ ఎముక ఎదుగుదలే దెబ్బతినవచ్చు. పైగా మీ నాయనకు 71. పిల్ల జారితే పట్టుకోగలననే ఆయన అనుకుంటారు, చేతులు ఒప్పుకోవు. కసరత్తు చేసేటప్పుడు మీరు అక్కడ ఉండండి. మీకు కష్టంగానే ఉంటుంది, అయినా ఉండండి. ఆ ఇంట్లో పడడమంటే ఏమిటో ఒంటి మీద తెలిసింది మీకే. ఈ దారిలో ఒక చిక్కు మాత్రం ఉంది. నేల మీద బాగా వచ్చేకొద్దీ పాప పైకి చూస్తుంది. పద్దెనిమిది నిండాక 'మామ దగ్గరికి పోతా' అనవచ్చు. ఆ రోజు మీరు ఆపలేకపోవచ్చు. అందుకు సిద్ధపడే ఈ దారిలోకి రండి.

మూడో దారికి మీ నాయన ఒప్పుకోరేమో. ఆ పిల్లకున్న ఒడుపును క్రీడలోకి, అంటే జిమ్నాస్టిక్స్ లాంటి దానిలోకి మళ్ళించడం. 'మన విద్యను వదిలి వాళ్ళ విద్యా?' అని ఆయన అడిగితే ఈ కథ చెప్పండి. మన దేశంలో సర్కస్ కంపెనీలకు ఆర్టిస్టులను తయారుచేసి పంపిన ఊరు కేరళలోని తలశ్శేరి. అక్కడ కీలేరి కుంజిక్కణ్ణన్ అనే వ్యాయామ మాస్టారు 1901లో చిరక్కరలో సర్కస్ బడి పెట్టారు. మీ జేజబ్బ ఒక మలయాళీ డేరాలో నేర్చుకున్నారన్నారు. ఆ డేరాల విద్యలో చాలా భాగం ఆ ఊరి కసరత్తే. మన కోడి రామ్మూర్తి నాయుడు గారు కూడా సర్కస్ కంపెనీ పెట్టకముందు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడే. సర్కస్ విద్య బడి నుంచి, డ్రిల్లు మాస్టారి దగ్గర నుంచి డేరాలోకి వెళ్ళింది. మనవరాలు దాన్ని మళ్ళీ బడికి తీసుకుపోతే వంశం తెగిపోయినట్టు కాదు. మీ ఇంట్లోనూ ఇది మూడు తరాల మాటే. మీ జేజబ్బకు వాళ్ళ నాయన నేర్పలేదు, ఎవరో పరాయి మాస్టారు నేర్పారు. ఇప్పుడు ఇంకో పరాయి మాస్టారు నేర్పితే తప్పేముంది?

కడపలో పుట్లంపల్లి దగ్గర డాక్టర్ వైఎస్సార్ క్రీడా పాఠశాల ఉంది, ప్రభుత్వానిదే. ఏ ఆటలు నేర్పుతున్నారు, ఏ తరగతిలో చేర్చుకుంటారు, ఎంపిక ఎప్పుడు అనేవి ఫోన్‌లో కాకుండా ఒకరోజు పాపను వెంటబెట్టుకుని వెళ్ళి అడగండి. అక్కడ కుదరకపోతే బడి పీఈటీ సారును మల్లఖంబం గురించి అడగండి. గుంజ మీద, వేలాడే తాడు మీద చేసే కసరత్తు అది. ఇప్పుడు ఖేలో ఇండియా యూత్ గేమ్స్‌లో కూడా ఉంది. మీ నాయన దాన్ని చూస్తే తన ఇంటి విద్యనే గుర్తుపడతారని నా నమ్మకం.

అయితే ఇందులోని కష్టం కూడా చెప్పాలి. హైదరాబాదు అమ్మాయి బి. అరుణా రెడ్డి 2018లో మెల్‌బోర్న్ జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్‌లో వాల్ట్ అనే విభాగంలో కాంస్యం తెచ్చింది. ఆ ప్రపంచ కప్‌లో మన దేశానికి అది మొదటి వ్యక్తిగత పతకం. ఆ వార్త చూపించి పాపకు ఆశ పెట్టవచ్చు. కానీ ఆ స్థాయికి పోయే పిల్లలు బాగా చిన్నప్పుడే మొదలుపెడతారు, 11 ఏళ్ళంటే ఆలస్యమే. పతకం కోసం కాకుండా ఒళ్ళు సరిగ్గా తయారయ్యేందుకు, పరుపు మీద, శిక్షణ ఉన్న మాస్టారి కంటి ముందు నేర్చుకునేందుకు పంపితే మీకూ పాపకూ నిరాశ ఉండదు. ఇంకో మాట మీ నాయనకు చెప్పండి: ఆడపిల్లలు సీనియర్‌గా అంతర్జాతీయ పోటీల్లో దిగాలంటే ఆ ఏడాదిలో 16 నిండాలని జిమ్నాస్టిక్స్‌లోనూ నిబంధన ఉంది. పసి ఒళ్ళను తొందరపెట్టకూడదని వాళ్ళూ గ్రహించారు. హాస్టలైతే పాప మీకు దూరమవుతుంది. ఒక్కగానొక్క బిడ్డ. అది చిన్న విషయం కాదు. ఆ ఎడబాటు మీరు ముగ్గురూ తట్టుకోగలరో లేదో మీ ఆయనను కూడా కూర్చోబెట్టి మాట్లాడండి. 'మీ పుట్టింటి సంగతి' అని ఆయన తప్పుకోవడానికి లేదు. ఆయన బిడ్డ కూడా గదా.

ఏ దారిలో పోయినా నాయన విద్యను దాచుకునే పని ఒకటి చేయవచ్చు. రోజూ సాయంత్రం పావుగంట, ఫోన్ స్టాండుకు పెట్టి, ఆయన చేత చెప్పించండి. ఏ ముడి ఎందుకు, ఏ తాడు ఎన్ని రోజులకు మార్చాలి, డేరా గుంజలు పాతే వరస, పైనుంచి ఇచ్చే పిలుపులు, ఆ మలయాళం అంకెలు. పాప ఒక నోటుబుక్‌లో రాసుకుంటే ఇంకా మంచిది. పాత నోటీసులు, ఫోటోలు ఉంటే అవీ పోగుచేయండి. 60 దాటిన, ఆదాయం తక్కువగా ఉన్న కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ నెలనెలా సాయం ఇచ్చే పథకం ఉంది. దరఖాస్తు పెట్టేటప్పుడు ఆ కాగితాలు అక్కరకొస్తాయి.

'వీడియోలో విద్య వస్తాదా?' అని ఆయన అంటారు. రాదు. ఆ మాట నిజమే. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు ఒకసారి వెళ్ళాను. తోలుబొమ్మలాట కుటుంబాల ఊరు అది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఒకప్పుడు తెల్లవార్లూ తెర వెనుక దీపం పెట్టి రామాయణం ఆడిన ఇళ్ళు. ఇప్పుడు అదే మేకతోలు, అదే ఉలి, అవే రంగులతో ల్యాంప్ షేడ్లు చేసి అమ్ముకుంటున్నారు. ఒక ఇంట్లో పదో తరగతి కుర్రాడు తోలును కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి, చిల్లులు సమంగా పడ్డాయా లేదా అని ఒక కన్ను మూసి చూస్తున్నాడు. ఆట వచ్చా నాయనా అంటే నవ్వి, 'మా అబ్బకు వచ్చు' అన్నాడు. నాకు మనసు చివుక్కుమంది. ఆ ఇంట్లో ఉలి పని నిలబడింది, పాట తగ్గిపోయింది. కానీ ఆ పిల్లవాడి చేతికి తోలు తెలుసు. రేపు ఎవరైనా ఆటను మళ్ళీ ఎత్తుకుంటే బొమ్మ చేయగలిగినవాడు ఆ ఊళ్ళో ఉంటాడు. మీ ఇంట్లో కూడా విద్య మొత్తం పోకపోవచ్చు, మొత్తం మిగలకపోవచ్చు. ఏది మిగలాలో ఆయన ఉండగానే ఆయన్నే అడగండి. నేనైతే ముందుగా పడడం ఎలాగో అడుగుతాను.

ఇక ఆ అంచు మాటల సంగతి.

ఇరవై ఒక్కేళ్ళ కిందట మీ చెయ్యి ఆయన చేతికి అందలేదు. తప్పు ఎవరిదో మీరు రాయలేదు. మీరు తొందరగా వదిలారో, ఆయన ఆలస్యంగా ఊగారో. బహుశా మీ ఇద్దరిలో ఎవరూ ఒకరినొకరు అడిగి ఉండరు. ఆ తర్వాత ఆయన పైకి ఎక్కలేదని మాత్రం రాశారు. ఏభై ఏళ్ళ వయసులో, వేరే పని తెలియని మనిషి, ఒక్క రోజుతో తన పని మానుకున్నారు. ఎందుకో నేను చెప్పలేను, ఆయనే చెప్పాలి. ఇప్పుడు అదే మనిషి మీ బిడ్డకు నేర్పుతానంటుంటే, మీ కడుపులో పుట్టే వణుకు ఊయలకు భయపడేదా, ఆ చేతులకు భయపడేదా అని మిమ్మల్ని మీరు అడుక్కోండి. 'ఆ చేతులను నమ్మలేకపోతున్నాను' అని మీ మనసు చెబితే అది పాపం కాదమ్మా. అది లోపల పెట్టుకుని 'చదువు పాడవుతుంది', 'జనం ఏమంటారు' అని వేరే కారణాలు చెబుతూ పోతే, ఆయనకు అసలు మాట ఎప్పటికీ అందదు. విద్యను కాదంటున్నారనే అనుకుంటూ ముద్ద వదిలేసి లేస్తారు.

అడగడానికి మంచి సమయమంటూ దొరకదు. ఆయనకు కాఫీ ఇచ్చి పక్కన కూర్చుని, 'నాయనా, ఆ రోజు ఏం జరిగిందో మనం ఎప్పుడూ అనుకోలేదు' అని మొదలుపెట్టండి. ఆయన లేచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళనివ్వండి. మాట ఆయన చెవిన పడింది గదా.

తర్వాత పాపకు చెప్పాలి. బాత్రూంలో జారలేదని, ఏడేళ్ళప్పుడు మీరు కూడా ఆ పిల్ల లాగే మలయాళం అంకెలకు చేతుల మీద నిలబడ్డారని, ఎగిరారని, పడ్డారని. రెండూ చెప్పండి. పడడం ఒక్కటే చెబితే అది భయపెట్టడమవుతుంది. ఎగరడం ఒక్కటే చెబితే ఆశ పెట్టడమవుతుంది. 'ఊయల మీద ఉంటే టెన్షన్ గుర్తు రాదు' అన్న పిల్లకు, 'నాకూ అట్లాగే ఉండేది' అని చెప్పగలిగిన మనిషి మీరే. నిజం తెలిశాక ఆ పిల్ల తానే వద్దనవచ్చు, ఇంకా గట్టిగా కావాలనవచ్చు. ఏమన్నా అది తెలిసి అన్న మాట అవుతుంది.

అత్తగారి వాళ్ళ సంగతి ఇప్పుడే తేల్చాల్సిన పని లేదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, 'అవ్వ దగ్గర చెప్పొద్దు' అని పాపకు ఆన పెట్టకండి. మీరు మోసిన మూట ఆ పిల్ల నెత్తిన పెట్టినట్టవుతుంది. వాళ్ళకు తెలిసిన రోజు మీ ఆయన మీ పక్కన నిలబడాలి. పెళ్ళికి ముందే ఆయనకు తెలుసు కాబట్టి అది ఆయన పూచీ.

ఆ భుజాన్ని ఎముకల డాక్టరుకు చూపించి ఎన్నేళ్ళయింది? పాత దెబ్బ గదా, ఇంకేం చేస్తారులే అనుకోకండి. ఫిజియోథెరపీతో చెయ్యి ఇంకో బెత్తెడు పైకి లేచినా దండెం దగ్గర స్టూలు అక్కర్లేకపోవచ్చు. వెళ్ళేటప్పుడు పాపను వెంట తీసుకెళ్ళండి. ఎక్స్‌రే తెర మీద పెట్టి డాక్టరు చెబుతుంటే తను కూడా విననివ్వండి. మీ నాయన వస్తానంటే ఆయన్నీ రమ్మనండి.